మా అత్త కుట్టిన గ్లౌజు

ఇది నా కుడిచేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా రావడం లేదు, నిజమే. ఏడో తరగతితో చదువు ఆపేశాక జాకెట్ల కొలతలు తప్ప మరేమీ రాసిందాన్ని కాదు కాబట్టి ఆ తప్పు చేతిది అనను.

పెద్దాసుపత్రిలో కాలిన చేతులకీ కాళ్ళకీ వ్యాయామాలు చేయించే శారద మేడమ్ రాయమన్నారు. "పుండు మానగానే అందరూ రావడం మానేస్తున్నారు పైడమ్మా. నేను చెబితే వినరు. నీకు జరిగింది నువ్వు రాసివ్వు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి చదివి వినిపిస్తాను" అన్నారు. వాళ్ళకోసం రాస్తున్నాను. కొంత నాకోసం కూడా. మూడేళ్ళయినా గంజి వాసన తగిలితే ఇప్పటికీ నా మెడ వెనక చెమట పడుతుంది. రాస్తే తగ్గుతుందేమో చూద్దాం.

మా పుట్టిల్లు సబ్బవరం దగ్గర పల్లె. పెళ్ళయ్యాక గాజువాక వచ్చాను. మా ఆయన అప్పలరాజు పోర్టులో ఖలాసీ. ఇంట్లో మేమిద్దరం, మా అత్త సింహాచలమ్మ. వీధిగదిలో నా కుట్టుమిషను. స్టీలు ప్లాంటు పనులు ఊపందుకున్న రోజులవి. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి దిగుతుండేవి. ఆ ఆడవాళ్ళకి జాకెట్టు చంక దగ్గర ఒక్క మడత పడినా నచ్చదు. వాళ్ళని మెప్పించాను. నా కటింగుకి పేరుండేది. ఇది గొప్ప చెప్పుకోవడమే, చెప్పుకుంటాను.

మా అత్తకి మాత్రం నా పని మీద గౌరవం లేదు. ఆవిడ వయసంతా పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంతలు కుట్టిన మనిషి. "మిసను టకటకా కొట్టుకుంటాది, నువ్వు కూకోని సూత్తావు. అదీ ఒక కుట్టేనేటి?" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు కుట్టుపనివాళ్ళం, ఒకరి కుట్టు ఒకరికి పడేది కాదు.

ఎనభై రెండు, ఎండాకాలం. మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది. ఆ పూట పదిమందికి అన్నం. పెద్ద గిన్నె దించి గంజి వారుస్తున్నాను. మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన జాకెట్టు మిషను మీద ఉంది, ధ్యాసంతా దాని మీదే. మసిగుడ్డ జారింది. సలసల కాగుతున్న గంజి కుడిచేతి మీద, మోచేతి కింద నుంచి వేళ్ళ కొసల దాకా పడింది. నీళ్ళయితే జారిపోతాయి. గంజి అంటుకుంటుంది.

నా అరుపుకి అత్త పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, బేగి సిరా తెండ్రా! సిరా పోస్తే బొబ్బలెక్కవు!" అంటూ మా ఆడపడుచు కొడుకు బడిసంచిలోని సిరాబుడ్డి తీసి మొత్తం నా చేతి మీద గుమ్మరించింది. చేయి వాచిపోతుంటే గాజులు తనే పగలగొట్టింది. ఆ పని మాత్రం మంచిదైంది.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు చేయి చూసి తల పట్టుకున్నాడు. ఎంత లోతు కాలిందో సిరా రంగులో తెలియడం లేదు. అదంతా కడగాల్సి వచ్చింది. ఆ కడగడం గురించి రాయను. "ఎవరమ్మా సిరా పోసింది? బుద్ధుందా?" అని ఆయన కేకలేస్తుంటే అత్త వరండాలో స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది.

వినేవాళ్ళకి ఇక్కడే ఒక మాట. చల్లటి నీళ్ళు. మామూలు కుళాయి నీళ్ళు. కాలిన చోట ధారగా పోస్తూ ఉండండి. సిరా వద్దు, పేడ వద్దు, పళ్ళపొడి వద్దు. తర్వాత ఆసుపత్రికి రండి. మిగతాదంతా మరిచిపోయినా ఇది మరిచిపోకండి.

ఆరు వారాలు వార్డులో ఉన్నాను. తొడ మీద చర్మం తీసి చేతి మీద అతికించారు. నా భాషలో చెప్పాలంటే అతుకు వేశారు. కట్లు విప్పే రోజున పొద్దున్నుంచే గుమ్మం వైపే చూస్తూ ఉండేదాన్ని. అక్కడ ఒక పెద్ద వయసు సిస్టరు ఉండేది. కట్టు విప్పడం మొదలుపెట్టి, "బోటు నెక్కుకి గుడ్డ ఎంత పడుతుంది పైడమ్మా? పొట్టి చేతులైతే ఎంత?" అని అడిగేది. నేను లెక్క చెప్పేలోగా ఒక పొర వచ్చేసేది. ఆవిడకి జాకెట్టు కుట్టించుకునే ఉద్దేశమే లేదని నాకు చాలా రోజులకి గాని తెలియలేదు.

అత్త రోజూ క్యారేజీ తెచ్చేది. వార్డులోకి రాదు, గుమ్మం దగ్గర ఆయా చేతికిచ్చి మెట్ల మీద కూర్చునేది. ఒకరోజు మా ఆయన బలవంతాన లోపలికి తీసుకొచ్చాడు. ఆవిడ నా మంచం పక్కన నిలబడి, "ఎలగుందమ్మా?" అంది. నాకు ఆ నొప్పిలో ఏం మాట వచ్చిందో అది అనేశాను. "సిరా పోసి నా సెయ్యి తీసీసినావు. ఇంకేటి సూడ్డానికొచ్చినావు?"

అత్త వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు. మా ఆయన మధ్యలో నలిగిపోయాడు. తల్లి తినదు, పెళ్ళాం మాట్లాడదు.

శ్రావణంలో ఇంటికొచ్చాను. పుండు మానింది. సింహాచలం కొండెక్కి మొక్కు తీర్చుకున్నాం. ఇక అయిపోయిందనుకున్నాం. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. నెలకి రమ్మని చీటీ రాసిచ్చారు, వెళ్ళలేదు.

చదునుగా ఉన్న మచ్చ రెండో నెలలో లేవడం మొదలుపెట్టింది. ఎర్రగా, గట్టిగా, చేతి వెనక తాళ్ళు పేనినట్టు తేలింది. దురద ఎలాంటిదంటే, ఇసుకలో చేయి పెట్టి రాసెయ్యాలనిపించేది. అంతకంటే భయం వేళ్ళు. చేతి వెనక చర్మం బిగుసుకుపోతూ వేళ్ళని వెనక్కి లాగేస్తోంది. పిడికిలి పడదు. కత్తెర కన్నంలో బొటనవేలు దూరుతుంది గాని నొక్కలేను. సూది పట్టుకుంటే జారిపోతుంది. జాకెట్టు గుడ్డలిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "పర్వాలేదులే పైడమ్మా, నీకు తగ్గాకే ఇస్తాం" అంటూ పట్టుకుపోయారు. ఎవరూ కఠినంగా మాట్లాడలేదు. అదే ఇంకా బాధగా ఉండేది.

మచ్చలు మాయమవుతాయని చెప్పి బజారులో ఒకడు తెల్లటి మందు అమ్ముతుంటే, ఇంట్లో చెప్పకుండా కొని రాశాను. రెండో రోజుకే బొబ్బలు. అప్పుడు మళ్ళీ పెద్దాసుపత్రి బస్సెక్కాను.

శారద మేడమ్ నన్ను కూర్చోబెట్టి ముందు బాగా తిట్టారు. తర్వాత చేయి తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ వంచి చూశారు. "పుండు మానాకే మచ్చ పెరుగుతుందమ్మా. ఏడాది, ఏడాదిన్నర పెరుగుతూనే ఉంటుంది. మనం పని చేయాల్సిన కాలం అదే" అన్నారు. పెద్ద డాక్టరు వచ్చి చూసి, "మూడు నెలలు చూద్దాం. వేళ్ళు మడత పడకపోతే మళ్ళీ కోసి అతకాల్సిందే" అని వెళ్ళిపోయారు.

మేడమ్ సొరుగు తీసి ఒక గ్లౌజు నా ముందు పెట్టారు. "ఎప్పుడో ఒక విదేశీ ఓడ నావికుడు చేయి కాల్చుకుని ఇక్కడ ఉన్నాడు. పోతూ ఇది వదిలేశాడు. రాత్రీ పగలూ తొడుక్కోవాలి. గట్టిగా పట్టి ఉంచితే మచ్చ లేవదు, లేచింది అణుగుతుంది. మన దగ్గర దొరకదు. నీ చేతికి ఇది పెద్దది, పనికిరాదు. ఊరికే చూపిస్తున్నాను."

ఊరికే చూపిస్తే ఊరుకునేదాన్నా? తిరగేశాను. కుట్లన్నీ పైకి ఉన్నాయి, చర్మానికి గుచ్చుకోకుండా. గుడ్డ అడ్డంగా సాగుతోంది, నిలువుగా సాగడం లేదు. వేళ్ళ మధ్య చిన్న చిన్న ముక్కలు వేరే కోసి అతికారు. కుట్టు తిన్నగా లేదు, వంకరటింకరగా పోయింది. నెలల తర్వాత మొదటిసారి నా బుర్ర పని చేసింది.

"దీన్ని కుట్టొచ్చు మేడమ్" అన్నాను.

"ఎవరు కుడతారు?"

నా చేయి నేను చూసుకున్నాను. అయినా ఆవిడ గ్లౌజు కాగితంలో చుట్టి ఇచ్చారు.

గుడ్డ సంగతి మా ఆయనకి చెప్పాను. బనీను గుడ్డ సాగుతుంది గాని బిగువుండదు. ఆయన రెండు రోజులు ఆలోచించి, పోర్టు బయట నావికుల పాతసామాను అమ్మే చోటికెళ్ళి, పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చాడు. తలుపు వేసి మరీ విప్పాడు. దొరసానులు ఈతకి వేసుకునే నల్ల దుస్తులు!

"ఇదేటయ్యా?" అన్నాను.

"సాగుతాదో నేదో సూడు ముందు. ఇయ్యి కొంతంటే మా వోల్లంతా సుట్టూ మూగిపోనారు. 'ఏటి బావా, ఈతకెల్తన్నావేటి?' అని ఒకటే నవ్వు. రేపు పనిలోకి ఎలగెల్లాలో ఏటో."

లాగి చూశాను. అదే బిగువు. నేను నవ్వాను. కాలిన తర్వాత నవ్వడం అదే మొదలు.

కాగితం మీద నా ఎడమచేతిని పెట్టి మా ఆయన చేత గీయించి, దాన్ని తిరగేసి కుడిచేతి కొలత చేశాను. చుట్టుకొలత కొంచెం కొంచెం తగ్గించాను. అక్కడిదాకా బాగానే ఉంది. ఎడమచేత్తో కత్తెర పడితే గుడ్డని నమిలేస్తోంది. మా ఆయన కోసిపెట్టాడు. మిషను మీద ఎలాగో కుట్టాను. లాగగానే దారం పటపట తెగిపోయింది. మళ్ళీ కుట్టాను, మళ్ళీ తెగింది. నాలుగు రోజులు ఇదే పని. నాలుగోరోజు గుడ్డని మూలకి విసిరేసి మిషను మీద తల వాల్చేశాను.

అత్త గుమ్మంలో నిలబడి చూస్తోందని నాకు తెలియదు.

"మిసను తిన్నగా పోతాది. సాగే గుడ్డకి తిన్నగా కుడితే తెగిపోదేటి?" అంది, నాతో కాదన్నట్టు గోడ వైపు చూస్తూ. "సేపముల్లు కుట్టు ఎయ్యాల, అటోసారి ఇటోసారి. గుడ్డతోపాటు దారం కూడా సాగాల."

ఆవిడ మూల నుంచి గుడ్డ తీసుకుని, చాప మీద కూర్చుని, మా ఆయన్ని పిలిచి సూదిలో దారం ఎక్కించమంది. ఒక వేలు కుట్టింది. ఆ కుట్టు చూశాను. ఎంత సన్నం, ఎంత సమం! లాగింది. కుట్టు విచ్చుకుని మళ్ళీ దగ్గరకొచ్చింది, తెగలేదు. ఇన్నాళ్ళూ ఈవిడ బొంతలు కప్పుకుని పడుకున్నానే గాని, వాటి మీది కుట్టు ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

"నా మీద కోపం పోనాదేటి?" అని అడిగింది తల ఎత్తకుండా.

"నేదు" అన్నాను.

"పోకపోతే పోనీ. సెయ్యి ఇలగియ్యి, కొలుసుకోవాల."

ఇచ్చాను. గాజులు పగలగొట్టిన ఆ రోజు తర్వాత ఆ చేతిని ఆవిడ ముట్టుకోవడం అదే మొదటిసారి.

మొదటి గ్లౌజు మరీ బిగుతైంది. తొడిగిన కాసేపటికే గోళ్ళు నీలంగా తిరిగాయి. రెండు రోజుల కుట్టుపని అది. అత్త ఆలోచించకుండా కత్తెర తీసి మణికట్టు నుంచి పైకి కోసిపారేసింది. రెండోదాని లోపలి కుట్టు చర్మం మీద అచ్చు పడింది. మూడోది కుదిరింది. నేను కొలత చెప్పడం, మా ఆయన కోయడం, అత్త కుట్టడం. మేడమ్ దగ్గరకి తొడుక్కునే వెళ్ళాను. ఆవిడ గోళ్ళు నొక్కి రంగు చూశారు, ప్రతి వేలి మొదలూ తడిమారు. తర్వాత, "ఇంకోటి కుట్టించు. ఒకటి ఉతికితే ఒకటి ఉండాలి" అన్నారు. మా ఆయన మళ్ళీ ఆ సామాను అమ్మేవాళ్ళ దగ్గరకి వెళ్ళాల్సి వచ్చింది.

గ్లౌజు తొడుక్కుంటే మచ్చ దానంతటదే పోతుందని ఎవరూ అనుకోకండి. విశాఖ ఉక్కలో నల్లటి గ్లౌజు లోపల చేయి ఉడికిపోయేది. దురద వస్తే గోకడానికి లేదు. స్నానానికీ నూనె మర్దనకీ తప్ప తీయకూడదు. ఉదయం సాయంత్రం అత్త కొబ్బరినూనె వేసి బొటనవేలితో గుండ్రంగా నొక్కేది. గట్టిగా నొక్కమన్నారు మేడమ్. నేను ఏడిస్తే, "ఏడు, ఏడు, సెయ్యి మాత్రం తియ్యకు" అనేది. తర్వాత గుడ్డచుట్ట పట్టుకుని పిడికిలి బిగించాలి, వదలాలి. మొదట దిండంత లావు చుట్ట. రోజులు గడిచేకొద్దీ చుట్ట సన్నమయ్యేది. గుడ్డ సాగి గ్లౌజు వదులైనప్పుడల్లా అత్త కుట్టు విప్పి మళ్ళీ బిగించేది.

వారానికి రెండుసార్లు బస్సు. జనంలో చేయి నలుగుతుందని ఆ రూటు కండక్టరు ముందు సీటు మాకోసం ఆపేవాడు. పేరు అడగలేదు ఎప్పుడూ. ఇప్పుడు అడగాలంటే ఆయన ఆ రూటులో లేడు.

డిసెంబరులో పెద్ద డాక్టరు పిలిచారు. మూడు నెలల గడువు. గ్లౌజు తీశాను. మచ్చ ఎరుపు తగ్గి, తాళ్ళలాంటివి అణిగి ఉన్నాయి. ఆయన తన రెండు వేళ్ళు నా అరచేతిలో పెట్టి, "పట్టుకో" అన్నారు. బిగించాను. నాలుగు వేళ్ళు ఆయన వేళ్ళ మీద మూసుకున్నాయి. చిటికెన వేలు మాత్రం సగంలో ఆగింది.

"ఇంకా గట్టిగా."

బిగించాను. ఆయన "అబ్బా" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. "ఇక కోయక్కర్లేదు" అన్నారు ఆయన. అప్పుడు గ్లౌజు తీసుకుని వెలుగులో పెట్టి చూశారు. "ఇది ఎక్కడ కొన్నారు?"

"కొననేదండి. మా అత్త కుట్టింది."

"ఎక్కడుంది ఆవిడ? పిలవండి."

అత్త వరండాలో ఉంది. పెద్ద డాక్టరు పిలుస్తున్నారనగానే ముఖంలో నెత్తురు లేదు. లోపలికొచ్చి రెండు చేతులూ జోడించి, "బాబూ, ఈసారి నానేటీ పొయ్యనేదు బాబూ!" అంది.

ఆయనకి అర్థం కాలేదు. మాకు అర్థమైంది. మేడమ్ అత్త భుజం మీద చేయి వేసి, "తిట్టడానికి కాదు మామ్మగారూ. మీ కుట్టు చూసి పిలిచారు" అన్నారు. డాక్టరు ఆ గ్లౌజుని అత్త చేతుల్లో పెట్టి, "నేను కూడా ఇంత బాగా కుట్టలేనమ్మా" అన్నారు. అత్త ఆ మాటని బస్సులో గాజువాక దాకా నాకు పదిసార్లు చెప్పింది, నేను అక్కడ లేనట్టు.

ఆ బెంచీ మీద నాతోపాటు నూకాలని యారాడ అమ్మాయి ఉండేది. దీపం మీద పడి మోచెయ్యి కాలింది, చేయి మడత పడి అలాగే ఉండిపోయింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుంటే రెండో చేయి పైకి వెళ్ళదు. నా చేయి చూసి, సిగ్గుపడుతూ, అక్కని పిలిచినట్టు "అప్పా, నాకూ ఒకటి కుట్టీవా?" అంది. అత్తా నేనూ కలిసి మోచేతికి తొడుగు కుట్టాం. ఇది గ్లౌజంత కష్టం కాదు. కష్టపడింది నూకాలు. చేయి చాచే వ్యాయామం చేస్తూ పళ్ళు బిగబట్టేది, కళ్ళలో నీళ్ళు కారేవి, మానలేదు. ఎనిమిది నెలల తర్వాత ఒకరోజు పొద్దున ఫిషింగ్ హార్బరులో చూశాను. నిండు తట్ట నెత్తిన, రెండు చేతులూ పైకి. నన్ను చూసి ఒక చేయి వదిలి ఊపింది. కాలిన చెయ్యే ఊపింది.

నా గ్లౌజు ఎనభై నాలుగు మొదట్లో తీసేశారు. ఆ చేత్తో మొదటి జాకెట్టు అత్తకే కోసి మిషను మీద కుట్టాను. వేసుకుని, చంక దగ్గర చూసుకుని, "పరవానేదు" అంది. ఆవిడ నోట ఆ మాటంటే చాలా పెద్దది.

ఇప్పుడు గురువారం గురువారం మేమిద్దరం పెద్దాసుపత్రికి వెళ్తాం. వరండాలో మేడమ్ మాకో బల్ల వేయించారు. నేను టేపు పట్టి కొలతలు తీస్తాను, అత్త కుడుతుంది. మేడమ్ చూసి సరే అంటేనే తొడుగుతాం. చేతులు, మోకాళ్ళు, మెడలు, ఒక్కోటీ ఒక్కో లెక్క. తప్పులు చేశాం, విప్పి మళ్ళీ కుట్టాం. మమ్మల్ని చూసి బెంచీ మీద కొత్తవాళ్ళు మొదట నర్సులనుకుంటారు. కాదు, గాజువాక టైలర్లమని చెబుతాను.

పోయిన గురువారం ఒక చిన్నావిడ వచ్చింది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదట. చేతికి కట్టు ఇంకా ఉంది. బల్ల మీది గ్లౌజులు చూసి, గొంతు తగ్గించి మా అత్తని అడిగింది. "మచ్చలు పోతాయా అమ్మా? మొత్తం పోతాయా?"

అత్త సూది ఆపలేదు.

"పోవమ్మా. అబద్దం సెప్పను" అంది. అని నా కుడిచెయ్యి లాగి, ఆ పిల్ల మంచి చేతిలో పెట్టింది. "ఇది మా కోడలి సెయ్యి. గాజువాకంతా ఈ సేత్తో కుట్టిన జాకెట్లే ఏసుకుంతారు. గట్టిగా పట్టుకోని సూడు, బయపడకు. సూసినావా? ఇంక ఈ సేతి కొలతియ్యి."